తూటా ఖరీదు: తెలుగు తెర మీద తుపాకి

'ఆర్.ఆర్.ఆర్.' చిత్రం ఒక ధరల లెక్కతో మొదలవుతుంది. ఆదిలాబాదు అడవిలోని గోండు గూడెం నుంచి మల్లి అనే పసిపిల్లను గవర్నరు స్కాట్ దంపతులు కారెక్కించుకుని పోతుంటే తల్లి అడ్డం పడుతుంది. సిపాయి ఆమెకు తుపాకి గురిపెడతాడు. గవర్నరు వారిస్తాడు. దయ కలిగి కాదు. ఆ తూటా ఇంగ్లండులో తయారై, సముద్రాలు దాటి, ఈ సిపాయి తుపాకి గొట్టంలోకి చేరేసరికి దానికి ఎంత ఖరీదు పడిందో లెక్క చెప్పి, అంత విలువైన వస్తువును ఈ నేటివు చెత్త మీద తగలెయ్యడమేమిటంటాడు. సిపాయి తుపాకి దించి, దుంగ అందుకుని ఆమె తల మీద మోదుతాడు.

వ్యాపార చిత్రం ఇంత పదునుగా మొదలుకావడం అరుదు. వలస పాలన అనగానే కొరడా, బూటు, ముద్దముద్దగా తెలుగు మాట్లాడే దొర అనే అరిగిపోయిన బొమ్మలకు మన తెర అలవాటు పడింది. ఆ బొమ్మలను కాసేపు పక్కకు నెట్టి, ఒక మనిషి ప్రాణాన్ని ఒక తట్టలోనూ ఒక సరుకును మరొక తట్టలోనూ పెట్టి తూచి చూపించింది ఈ సన్నివేశం. వలసవాదపు సారం నిజంగా ఆ తక్కెడలోనే ఉంది. దర్శకుడు రాజమౌళికీ, కథకుడు విజయేంద్రప్రసాదుకూ ఈ మెప్పు ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు. హాల్లో నా పక్క కుర్చీలోని పెద్దాయన ఆ దెబ్బకు 'అబ్బ' అన్నాడు. నేనూ అన్నానేమో.

2022 మార్చిలో విడుదలైన ఈ చిత్రం గురించి ఇంటా బయటా చాలా రాశారు. 2023లో ఆస్కారు తెచ్చిన పాట గురించీ, పులుల గురించీ, ఇద్దరు హీరోల స్నేహం గురించీ, చరిత్రను తారుమారు చేయడం గురించీ రాశారు. అందులోని తుపాకుల గురించి అంతగా మాట్లాడుకోలేదు. కానీ కథను విప్పి చూస్తే మొదటి నుంచి చివరి దాకా నడిచేది తుపాకి కథే. తూటా ఖరీదు చెప్పే గవర్నరు, ఊరివాళ్ళకు తుపాకి పేల్చడం నేర్పే తండ్రి, ప్రతి చేతికీ ఒక తుపాకి తెస్తానని మాట ఇచ్చిన కొడుకు, ఆ మాట కోసమే పోలీసు ఉద్యోగం, వచ్చే ఆయుధాల సరుకు మీద కన్ను, చివరకు పేలిపోయే మందుగుండు కోట. కాబట్టి ఈ చిత్రాన్ని తుపాకి దగ్గరే పట్టుకుని ప్రశ్నించడం అన్యాయం కాదు.

సినిమా వాళ్ళు చెక్క తుపాకినీ, రేకు కత్తినీ, రాజుగారి కిరీటాన్నీ అన్నింటినీ కలిపి 'ప్రాపర్టీ' అంటారు. మాట బాగుంది. ఎవరి ప్రాపర్టీ అన్నదే తేలవలసిన సంగతి.

చారిత్రక చిత్రాలలో తుపాకుల గురించి మాట్లాడేవాళ్ళు ఒక రకం ఉన్నారు. 1920 కథలో 1940 నాటి రైఫిలు కనిపించిందని, చెకుముకి రాయి తుపాకి ఉండవలసిన చోట టోపీ తుపాకి పెట్టారని తప్పులు లెక్కపెడతారు. అది మ్యూజియం కాపలాదారు విమర్శ. అచ్చమైన ఆనాటి తుపాకినే తెచ్చి నటుడి చేతిలో పెట్టినంత మాత్రాన చిత్రం చారిత్రకం కాదు. అయితే ఆ విమర్శను పూర్తిగా కొట్టి పారేయడానికీ లేదు. ఎందుకంటే ఏ తుపాకి ఎవరి చేతికి ఇచ్చారన్నది వలస పాలనలో సాంకేతిక విషయం కాదు, రాజకీయ విషయం. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీ స్థానంలో వచ్చిన రాణీ ప్రభుత్వం ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టం లోపలి మెలికల గాళ్ళను తీసేసి, నున్నగా తొలిపించి, ఆ రకం తుపాకిని నేటివు పటాలాలకు ఇచ్చింది. గాళ్ళుంటే గుండు తిరుగుతూ పోయి దూరాన ఉన్న గురిని కొడుతుంది. గాళ్ళు లేకపోతే దగ్గరివాడికే తగులుతుంది. తెల్ల సిపాయి చేతి తుపాకి కంటే నల్ల సిపాయి చేతి తుపాకి ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండాలన్నది ఆనాటి నుంచీ విధానమైంది. తర్వాత కాలంలో బెంగాలులోని ఇషాపూరు కర్మాగారంలో లీ ఎన్‌ఫీల్డు రైఫిలునే నునుపు గొట్టంతో, ఒకసారికి ఒకే తూటా పట్టేట్టు మార్చి పోలీసులకూ కాపలాదార్లకూ ఇచ్చారు. ఇక పౌరుల సంగతి సరేసరి. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేని తుపాకి నేరమయింది, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు దొరికింది.

ఇప్పుడు గవర్నరు చెప్పిన లెక్కకు వద్దాం. నాటకీయంగా అది పదునైన లెక్కే, చరిత్ర దృష్టితో చూస్తే తలకిందుల లెక్క. 1920 నాటికి మన దేశంలోని సిపాయి తూటా కోసం ఇంగ్లండు ఓడ కోసమే ఎదురు చూడనక్కరలేదు. పూనా దగ్గర ఖడ్కీలో 1869లోనే మందుగుండు కర్మాగారం పెట్టారు. కలకత్తా శివార్లలోని డమ్‌డమ్‌లో తయారైన తూటాకు ఒంట్లోకి దిగాక విచ్చుకునే గుణం ఉండటంతో ఆ ఊరి పేరే ప్రపంచమంతా ఒక రకం తూటాకు పేరైంది. 1899 హేగ్ సమావేశం అటువంటి తూటాను యుద్ధాలలో నిషేధించేదాకా పోయింది ఆ కీర్తి. ఇషాపూరు రైఫిలు కర్మాగారం 1904లో వచ్చింది. ఈ కర్మాగారాలలో ఇత్తడి సాగదీసి, సీసం పోసి, మందు నింపిన చేతులు ఇక్కడివాళ్ళ చేతులే.

ఇంకా వెనక్కి పోతే సముద్రాలు దాటింది తూటా కాదు, తూటాలోని మందు. నల్లమందుగుండులో నాలుగింట మూడు వంతులు సురేకారమే. మిగిలింది బొగ్గు, గంధకం. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాలలో ఈస్టిండియా కంపెనీ బీహారు నుంచి ఓడలకు ఓడలు సురేకారాన్ని ఇంగ్లండుకు తరలించింది. ఇంగ్లీషువాడు యూరపులో చేసిన యుద్ధాలలో పేలిన మందు మన పశువుల కొట్టాల మట్టి నుంచీ, పాటిమన్ను నుంచీ వండి తీసినది.

ఇక ఖరీదు ఎవరిచ్చారు? భారతదేశంలోని సైన్యం ఖర్చు, ఇక్కడున్న తెల్ల పటాలాల ఖర్చుతో సహా, భారతదేశపు రెవెన్యూ నుంచే చెల్లించారు. భూమిశిస్తు, ఉప్పు పన్ను, అబ్కారీ, అడవి రాబడి, వీటన్నింటి నుంచీ. అంటే మల్లి తల్లి తల మీద ఖర్చు పెట్టనన్న ఆ తూటాకు డబ్బు మల్లి తల్లి లాంటి వాళ్ళ దగ్గరే వసూలైంది. (ఆదిలాబాదు నిజాం రాజ్యంలోది కదా అంటారేమో. అక్కడ జంగ్లాతు వాళ్ళ వసూళ్ళు నిజాం ఖజానాకు పోయేవి. ఆ ఖజానాను కాపాడినవి దొరల తుపాకులు.) గవర్నరు మాటను చిత్రం అక్షరాలా నమ్మింది. తూటా వాడిదే, ఖరీదు వాడిదే, మనది ప్రాణం మాత్రమే అని ఒప్పుకుంది. ఒప్పుకుంది కనుకనే మూడు గంటల తర్వాత చివరి సన్నివేశంలో ఆ ఇంగ్లీషు తూటాతోనే గవర్నరును భీమ్ చేత కాల్పించి, ఖరీదు గురించిన మాటను వాడికే తిప్పి కొట్టి, బాకీ తీరిందని చప్పట్లు కొట్టించుకుంది. హాలంతా ఈలలు. కానీ అది దొర రాసిన చిట్టాలోనే కూడిక తీసివేత చేయడం. చిట్టాయే తప్పు అని ఎవరూ అనలేదు.

అల్లూరి సీతారామరాజు పేరునూ కొమురం భీం పేరునూ వాడుకున్న చిత్రం కనుక, ఆ పేర్లు గలవాళ్ళు నిజంగా తుపాకి ఎలా సంపాదించారో చూడటం అవసరం.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులలో మూడు పోలీసు స్టేషన్లు. దొరికినవి మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తీసుకున్న వాటి జాబితా స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళారన్నది మన్యమంతటా ప్రసిద్ధమైన సంగతి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించుకున్నారు కూడా. ఆ తర్వాతి దాడులలో ఇంతటి ఆయుధాల రాబడి లేదు. పాలకులు మేల్కొని స్టేషన్లలోని తుపాకులను ముందే తరలించేశారు.

ఇరవయ్యారు తుపాకులు, రెండువేల ఐదువందల తూటాలు. సినిమా చూసే కళ్ళకు ఈ అంకెలు ఆనవు. తుపాకికి నిమిషానికి పది చొప్పున పేల్చుకుంటూ పోతే పది నిమిషాలు నిండకముందే అయిపోతాయి. మన చిత్రాలలో ఒక పోరాట సన్నివేశానికి చాలవు. ఆ తూటాలతో వాళ్ళు 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపేదాకా ఇరవై నెలల పైన నిలిచారు. రోజులు లెక్కపెట్టి భాగిస్తే దళం మొత్తానికి రోజుకు నాలుగు తూటాలు పడతాయి. నాలుగంటే నాలుగు. ఎదుట మలబారు స్పెషల్ పోలీసులు, 1924 మొదట్లో దిగిన అస్సాం రైఫిల్సు. వాళ్ళకు తూటాల లెక్క లేదు.

రోజుకు నాలుగు తూటాలు గలవాడికి తూటా ఖరీదు తెలియదా? తెలుసు. స్కాట్ గవర్నరు కంటే బాగా తెలుసు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఏం జరిగిందో చూడండి. కొండ మీద పొదల చాటున కాపు వేసినవాళ్ళు ముందు నడుస్తున్న నేటివు పోలీసులను పోనిచ్చారు. వెనక వస్తున్న కవార్డు, హేటరు అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చి చంపారు. తూటా ఎవరి మీద ఖర్చు పెట్టాలి, ఎవరి మీద పెట్టకూడదు అన్న లెక్క అక్కడా ఉంది. గవర్నరు లెక్క 'ఈ ప్రాణం తూటా ఖరీదు చేయదు' అంటుంది. దామనపల్లి లెక్క 'ఈ కానిస్టేబులు మనవాడు, వీడి మీద తూటా వద్దు' అంటుంది. ఒకటి మనిషిని సరుకు కంటే కిందికి దించిన లెక్క. మరొకటి, సరుకుకు అంత కరువున్న చోట కూడా, శత్రువెవరో మిత్రుడెవరో తేల్చుకున్న లెక్క. ఈ రెండు లెక్కలనూ ఎదురెదురుగా నిలబెట్టే అవకాశం 'ఆర్.ఆర్.ఆర్.' చేతికి మొదటి పది నిమిషాలలోనే వచ్చింది. అంతకంటే గొప్ప నాటకీయ ఘర్షణ కావాలంటే కథకుడు ఎక్కడికి పోయి వెతకాలి? చిత్రం దాన్ని చూడనైనా చూడలేదు.

దానికి బదులు ఏం చూపింది? తుపాకి ప్రజలకు ఎలా చేరుతుందన్న ప్రశ్నకు చిత్రం ఇచ్చిన జవాబు: ప్రమోషను ద్వారా. రామరాజు పోలీసు ఉద్యోగంలో చేరతాడు. వేలమంది జనం మధ్యకు లాఠీతో దూకి ఒక్కణ్ణి పట్టి తెస్తాడు. పై అధికారుల నమ్మకం సంపాదించడానికి స్నేహితుణ్ణే పట్టిస్తాడు, కొరడాతో కొడతాడు. ఇదంతా ఆయుధాల గది తాళం చెవి దగ్గరికి చేరడం కోసం. జనం కోసం తుపాకి తేవడానికి జనాన్ని కొట్టడం అనే వైరుధ్యాన్ని చిత్రం గుర్తించకపోలేదు. కొరడా దెబ్బలు తింటూ భీమ్ పాడిన పాటకు జనం తిరగబడినప్పుడు, ఆయుధాలు చేయలేని పని పాట చేసిందని, మనిషే ఆయుధమయ్యాడని రాజు తెలుసుకుంటాడు. చిత్రం మొత్తంలో ఆలోచన ఉన్న ఘట్టం ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. అయితే ఆ తెలివిడి ఎంతసేపు నిలిచింది? ఆ జనం తర్వాత ఏమయ్యారు? మళ్ళీ కనిపించరు. కథ తిరిగి ఇద్దరు హీరోల భుజాల మీదికి ఎక్కి అడవిలోకి పోతుంది.

అడవిలో ఇంకా విచిత్రం జరుగుతుంది. తుపాకి కోసం జీవితమంతా తపించిన మనిషి కీలకమైన పోరాటంలో తుపాకి వదిలేసి విల్లు పట్టుకుంటాడు. కాషాయ వస్త్రం, జులపాలు, రాముడి గుడి దగ్గర దొరికిన విల్లమ్ములు. భీమ్‌కు బల్లెం. విల్లు మన్యం వాళ్ళ ఆయుధం కాదా అనవచ్చు. అవును, ముమ్మాటికీ వాళ్ళ ఆయుధమే. కోయవాడి విల్లు వెదురుతో చేసింది, చేతిదూరంలోని కట్టెతో పుట్టింది, దానికి తయారుచేసిన మనిషి ఉన్నాడు. తెర మీద రాజు పట్టిన విల్లు ఆ విల్లు కాదు. అది పురాణం నుంచి దిగిన విల్లు. దాని అమ్ములు అయిపోవు, గురి తప్పదు, పట్టినవాడు దేవుడు. తూటాకు ఖరీదు కట్టి మొదలుపెట్టిన చిత్రం చివరికి ఖరీదు లేని, కొరత లేని, లెక్క లేని ఆయుధం దగ్గర తేలింది. వలస పాలన మీద పోరాటంలో అతి కష్టమైన సమస్య ఏదో, ఆయుధం లేనివాడు ఆయుధం గలవాణ్ణి ఎలా ఎదిరించాలన్న సమస్య, దాన్ని అవతారంతో పరిష్కరించారు.

ఇది రాజమౌళి ఒక్కడి దోషం కాదు. మన తెరకు ఇది పాత జబ్బు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'ను మా ఊరి డేరా హాల్లో నేల మీద కూర్చుని చూశాను. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. కృష్ణ నూరో చిత్రం. చింతపల్లి ప్రాంతంలోనే చాలా భాగం తీశారు. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి కూడా వచ్చింది. అందులో గంటందొర, మల్లుదొర, అగ్గిరాజు పాత్రలున్నాయి. స్టేషను మీద దాడి ఉంది. తుపాకి పోలీసు స్టేషను నుంచి వచ్చిందన్న సత్యాన్ని ఆ చిత్రం దాచలేదు. దర్శకుడు రామచంద్రరావు చిత్రం పూర్తికాకుండానే చనిపోతే పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్ తీశాడు. ఆ ఘట్టాలలో తుపాకుల మోత బాగానే ఉంటుంది. కానీ సన్నివేశం ముగిశాక ఎన్ని మిగిలాయని లెక్కపెట్టుకునే మనిషి కనిపించడు. ఆ వయసులో నాకూ ఆ సందేహం రాలేదు. ఇంటికి వచ్చి కంది కట్టెతో తుపాకి చేసుకున్నాను. దానికీ తూటాలు అయిపోలేదు.

2019 నాటి 'సైరా నరసింహారెడ్డి' సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. 1846లో తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీయబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలం నోటి నుంచి మందు దట్టించే తుపాకుల కాలం. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, గురిపెట్టి పేల్చాలి. అందులో చేయి తిరిగిన సిపాయి కూడా నిమిషానికి మూడు మించి కాల్చలేడు. ఆ రెండు కాల్పుల మధ్య విరామంలోనే ఆనాటి యుద్ధమంతా ఉంది. కత్తిగలవాడు తుపాకిగలవాడి మీదికి దూకగలిగిన సందు అదే. రేనాటి కట్టుబడి బంట్ల ధైర్యమంతా ఆ సందులోనే కొలవాలి. మన చిత్రాల కత్తిరింపులో సాధారణంగా మొట్టమొదట ఎగిరిపోయేది మందు దట్టించే చేయి. అంత ఖర్చు పెట్టిన చిత్రానికి ఆ పది క్షణాల ఓపిక లేకపోయింది.

మందు దట్టించే తుపాకిని తెలంగాణ పల్లెల్లో భర్మారు అంటారు. మన అడవులలో దాని ఆయుష్షు చాలా ఎక్కువ. పట్నంలో పది తూటాల రైఫిలు వచ్చిన తర్వాత కూడా ఊరి కమ్మరి కొలిమిలో భర్మారుకు మరమ్మతు జరుగుతూనే వచ్చింది. ఒకసారి అటువంటి తుపాకిని చేతిలోకి తీసుకున్నాను. గొట్టం అతుకు దగ్గర తీగ చుట్టి ఉంది. మడమ చెక్క ఎన్ని చేతుల చెమటకో నల్లబడింది. అది పేలితే ఎదుటివాడికి ఎంత ప్రమాదమో పట్టుకున్నవాడికీ అంతే ప్రమాదం. దాన్ని పట్టుకుని రైఫిలుకు ఎదురు నిలవాలంటే ఎంత గుండె కావాలి! తెర మీది తుపాకి ఫైబరుతోనో చెక్కతోనో చేసిన డమ్మీ. దానికి బరువు లేదు, భుజానికి తన్నదు, పొగా మంటా తర్వాత కంప్యూటరులో అతికిస్తారు. డమ్మీ వాడటం తప్పని నేననడం లేదు. 2021లో అమెరికాలో ఒక చిత్రీకరణలో అసలు తుపాకిలో అసలు తూటా ఉండిపోయి ఛాయాగ్రాహకురాలు ప్రాణం కోల్పోయింది. పనివాళ్ళ ప్రాణం కంటే సహజత్వం ఎక్కువ కాదు. చెక్క తుపాకికి బరువు తెచ్చేది పట్టుకున్న చేయి. ఆ చేయికి అది ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో ఎన్ని ఉన్నాయో తెలియాలి. అది నటుడికి చెప్పవలసిన బాధ్యత కథకుడిది.

'మా భూమి'ని గుర్తు చేసుకోవలసింది ఇక్కడే. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, రవీంద్రనాథ్‌లు నిర్మించిన ఆ చిత్రంలో తుపాకుల ఆర్భాటం లేదు. డబ్బులేక అన్నవాళ్ళున్నారు. కావచ్చు. కానీ ఆ కరువే దానికి సత్యాన్ని ఇచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాటం కర్రతో, వడిసెలతో, కారప్పొడితో మొదలైంది. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చిన తర్వాత కూడా తుపాకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. దొరల గడీల నుంచి, పోలీసు క్యాంపుల నుంచి ఒక్కొక్కటే చేతికి వచ్చింది. 'మా భూమి'లో రామయ్య వెట్టి నుంచి పారిపోయి, పట్నంలో కార్మికుల మధ్య కళ్ళు తెరిచి, తిరిగి ఊరికి వచ్చిన తర్వాతనే ఆయుధం అనే మాటకు అర్థం వస్తుంది. చేయి ముందు మారింది, తర్వాత చేతిలోకి తుపాకి వచ్చింది. ఆ క్రమాన్ని తారుమారు చేయకపోవడమే ఆ చిత్రం గొప్పదనం. దానికి లోపాలు లేవని కాదు. స్త్రీల దళాల గురించి అది చెప్పింది తక్కువ. ఆ చర్చ వేరు.

ఇంతకూ 'ఆర్.ఆర్.ఆర్.' చరిత్ర కాదు, కల్పన అని దర్శకుడే చెప్పాడు కదా, దాన్ని పట్టుకుని 26 తుపాకుల లెక్క అడగడమేమిటి అని మిత్రులు కొందరు వాదించారు. కల్పన చేసుకునే హక్కును నేను కాదనడం లేదు. ఇద్దరు వీరులు ఢిల్లీలో కలుసుకుని ఉంటే అన్న ఊహ అందమైన ఊహే. కానీ కల్పనకు కూడా ఒక దిశ ఉంటుంది. ఈ కల్పనలో ఏవి పోయాయి, ఏవి వచ్చాయో చూడండి. గంటందొర పోయాడు, మల్లుదొర పోయాడు, రోడ్డు కూలి పోయింది, పోడు మీద ఆంక్ష పోయింది. నర్సీపట్నం వైపు నుంచి కొండల మీదికి రోడ్డు వేయడానికి న్యాయమైన కూలి ఇవ్వకుండా మన్యం జనం చేత చాకిరీ చేయించిన బాస్టియన్ దొర పోయాడు. తమ మీదికి తుపాకులు ఎక్కి రావలసిన రోడ్డును తమ చేతులతోనే వేయించుకున్నారు, తిరుగుబాటుకు అది ఒక కారణం. అడవి చట్టమూ లేదు, ముఠాదారూ లేడు. నిజాం మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం, తెర మీద నిజాం మీద ఒక్క మాటైనా అనడు. నిజాం తరఫు మనిషి దొరలకు హెచ్చరిక చేసే పెద్దమనిషిగా వస్తాడు. పోయినవన్నీ జనానికి చెందినవి, వచ్చినవన్నీ హీరోకు చెందినవి. కల్పన ఇంత క్రమశిక్షణతో ఒక పక్కకే ఒరిగితే దాన్ని ఉత్త ఊహ అని ఎలా అనుకోవడం?

చివరి ఘట్టం. మందుగుండు కోట పేలిపోయింది. గవర్నరు చచ్చాడు. దక్కించుకున్న తుపాకులతో రామరాజు తన ఊరికి తిరిగి వస్తాడు. జనం వరుసగా నిలబడి ఉన్నారు. తుపాకులు పంచుతారు, వాళ్ళు పుచ్చుకుంటారు. పండగనాడు జమీందారు బట్టలు పంచినట్టుంది ఆ దృశ్యం. ఆ వరుసలోని ఒక్క మనిషి కూడా దాని కోసం ఒక్క రాత్రి అయినా నడవలేదు, ఒక్క స్టేషను గోడ అయినా దూకలేదు. భీమ్‌ను ఏం కావాలని అడుగుతాడు రాజు. తనకూ తన వాళ్ళకూ చదువు చెప్పమంటాడు భీమ్. అప్పుడు రాజు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసి ఇస్తాడు. ఆ మూడు మాటలూ జనం భీం పేరుతో చెప్పుకునే మాటలు. వాటిని భీమ్‌కే మరొకరు అక్షరాభ్యాసం చేయించి ఇవ్వవలసి వచ్చింది.

గంటందొర గ్రామ మునసబు. బాస్టియన్‌తో తగాదా వచ్చి ఆ పని పోయేదాకా శిస్తు చిట్టాలు, జాబితాలు, రసీదులు చూసిన మనిషి. చింతపల్లి స్టేషను పుస్తకంలో తుపాకుల జాబితా రాసి సంతకం పెట్టిన రాత్రి అతనూ దళంలో ఉన్నవాడే.